ఎదురు నడిచే మనిషి

ఎక్సెటర్,
18 నవంబరు 1962, ఆదివారం.

అన్నయ్యకి,

సోమవారం పొద్దు పోయాక హాస్టల్ చేరాను. వదిన కట్టిచ్చిన మాంసం రొట్టె సగం దారిలోనే అయిపోయింది. నా గదిలో ఉండే అమ్మాయిలు నా చేతికున్న నల్ల రిబ్బను చూసి ఏమీ అడగలేదు. అడిగితే నాన్న గురించి చెప్పేదాన్ని. ఎవరూ అడక్కపోవడం మర్యాదో, భయమో తెలియదు.

ఇక్కడ అందరూ మెల్లగా మాట్లాడతారు. నలభై ఏళ్ళు మిల్లు మగ్గాల షెడ్డు హోరులో అరిచిన మనిషి కూతుర్ని కదా, నేను ఉప్పు అందించమన్నా భోజనశాలంతా తల తిప్పి చూస్తుంది.

దహనశాల వాళ్ళు నాన్న బూడిద ఉన్న డబ్బా బుధవారం ఇస్తామన్నారు. ఇచ్చారా? నాన్న అడిగింది నీకు గుర్తుందని తెలుసు, అయినా రాస్తున్నాను. మీ ఫుట్‌బాల్ మైదానంలో కాలువ వైపు గోలు ముందు, గడ్డి కింద, నీ చేత్తో. ఆస్పత్రిలో నువ్వు సరే అన్నప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. ఎప్పుడు చేస్తావో, ఎలా చేశావో ప్రతి చిన్న సంగతీ రాయి. వాన పడిందా, ఎవరున్నారు, మట్టి ఏ రంగులో ఉంది, అన్నీ. నేను చూడలేకపోయింది నువ్వు రాస్తేనే చూస్తాను.

నిన్న నిద్ర పట్టక ఒక సంగతి తలుచుకున్నాను. సగం ఆట అయ్యాక జట్లు గోలు వైపులు మారతాయి కదా. మనవాళ్ళు గోలు కొట్టబోయే వైపుకి జనమంతా మెట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. నాన్న ఒక్కడే వాళ్ళకి ఎదురు నడిచి, నువ్వు కాపలా కాసే గోలు వెనక్కి వెళ్ళేవాడు. నా చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తుంటే అందరి మోచేతులూ నా చెవులకి తగిలేవి. "గోల్స్ చూడ్డానికి వెళ్దాం నాన్నా" అంటే, "మన గోల్స్ రేపు పేపర్లో చదువుకోవచ్చు" అనేవాడు.

వదినకి ముద్దులు. వెంటనే రాయి.

నీ చెల్లెలు
మావిస్

*

హెబ్‌షా,
2 డిసెంబరు 1962.

చెల్లీ,

ఉత్తరం అందింది. నిన్న గెలిచాం, ఒకటి సున్నా. వాళ్ళ తొమ్మిదో నంబరు కోడె దూడలా ఉన్నాడు, ముక్కు మీద మోచేత్తో పొడిచాడు. మీ వదిన ఐరీన్ వేడినీళ్ళు పెట్టింది. పద్నాలుగేళ్ళుగా ఇదే డిఫెన్సు, ఇదే ఐదో నంబరు చొక్కా, ఇదే ముక్కు.

నువ్వడిగిన పని అయిపోయింది. గురువారం ప్రాక్టీసు అయ్యాక, మిగతావాళ్ళు స్నానాలకి వెళ్ళాక, ఏమోస్ బాబాయ్ పార తెచ్చి కాలువ వైపు గోలు ముందు గడ్డి చదరంగా కోసి పక్కకి ఎత్తాడు. కింద మట్టి నల్లగా ఉంది. సన్నగా జల్లు పడుతోంది. నేను వేశాను. బాబాయ్ టోపీ తీసి పట్టుకున్నాడు, తర్వాత గడ్డి సరిచేసి బూటుతో అదిమాడు. మైదానం చూసేవాడిగా ఇలాంటివి ఆయన చాలా చేశాడు, గడ్డికి మంచిది కాదని గొణుగుతూనే చేస్తాడు.

ఇంక దాని గురించి ఆలోచించకు. పరీక్షలు బాగా రాయి.

సిరిల్

*

ఎక్సెటర్,
12 డిసెంబరు 1962.

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. నువ్వు ఇంత బాగా రాస్తావని నాకెప్పుడూ తెలియదు. 'బూటుతో అదిమాడు' అన్న చోట ఏడ్చాను. ఏమోస్ బాబాయ్ నాన్నకి బళ్ళో జతగాడు కదా, ఆ అదమడంలో స్నేహమంతా ఉంది.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మా టీచరమ్మ మిస్ పెన్‌హాలో మేం బాగా ఎరిగిన ఒక చోటు గురించి రెండు పేజీలు రాయమంది. మిగతావాళ్ళు సముద్రం గురించీ, తోటల గురించీ రాశారు. నేను కాలువ వైపు గోలు గురించి రాశాను. గడ్డి కింద పడుకుని, తన కొడుకు బూట్ల చప్పుడు లెక్కపెట్టుకునే మనిషి గురించి. ఆవిడ దాన్ని తరగతిలో పైకి చదివింది. చివర్లో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఒక మాట పక్కన ఇంకో మాట పెడితే ఇంత జరుగుతుందని అప్పటిదాకా నాకు తెలియదు అన్నయ్యా. జనవరిలో కాలేజీ పత్రికలో వేస్తారట. నీకూ వదినకీ ఒక ప్రతి పంపిస్తాను.

ఒక్కటే దిగులు. రెండో సగంలో నువ్వు రైలు వైపు గోలుకి వెళ్ళిపోతావు కదా, మరి నాన్న ఏం చేస్తాడు? లేచి నడుస్తాడేమో.

నవ్వుతున్నాననుకోకు. కొంచెం నవ్వుతున్నాను.

మావిస్

*

హెబ్‌షా,
20 జనవరి 1963.

మావిస్,

నాలుగు వారాలుగా ఆట లేదు. క్రిస్మస్ మర్నాడు పడిన మంచు అలాగే ఉంది. మైదానం ఇనప రేకులా మోగుతోంది. మమ్మల్ని చర్చి హాల్లో పరిగెత్తిస్తున్నారు, నా తుంటి దానికి ఒప్పుకోవడం లేదు. కాలువ గడ్డకట్టి దాని మీద పిల్లలు ఆడుతున్నారు. ఏమోస్ బాబాయ్ ఉప్పు, ఇసుక, బాయిలర్ బూడిద, దొరికిందల్లా చల్లుతున్నాడు. ఆయన చల్లిన దాని మీద మళ్ళీ మంచు పడుతోంది.

నీ పత్రిక వచ్చింది. ఐరీన్ దాన్ని క్లబ్బుకి పట్టుకెళ్ళింది. నన్నడగలేదు. సెక్రటరీ చదివి, మంచు కరిగాక మొదటి సొంత మైదానం ఆటకి అమ్మే మ్యాచ్ పుస్తకంలో వేస్తామంటున్నాడు. నువ్వు వద్దని రాయి. నాన్న సంగతి ఊరందరికీ ఎందుకు? అది మన ఇంటి సంగతి. నీకు రాసింది నీకోసం రాశాను, అచ్చు వేయించడానికి కాదు.

ఇంకో మాట, ఐరీన్‌కి కూడా చెప్పనిది. డిసెంబరు 15న ఆటలో కాలువ వైపు గోలు ముందు ఉండగా నాన్న అరుపు విన్నాను. "వెనకాలే ఉన్నాడు, సిరిల్" అని. తిరిగాను. నిజంగానే వాళ్ళ పదో నంబరు నా భుజం వెనకే ఉన్నాడు. బంతి బయటికి తన్నేశాను. తర్వాత స్నానాల తొట్టిలో వేడినీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాను. డాక్టరుకి చెప్పమనకు.

వద్దని రాయి.

సిరిల్

*

ఎక్సెటర్,
27 జనవరి 1963.

అన్నయ్యకి,

సెక్రటరీ గారు నాకు కూడా ఉత్తరం రాశారు. నీ ఉత్తరం రాకముందే సరేనని జవాబిచ్చేశాను. ఇప్పుడు మాట మార్చను.

నీకెందుకు కోపమొచ్చిందో నాకు తెలుసు. చెల్లెలు చదువుకుని, నాలుగు ముక్కలు రాసి, జట్టులో నిన్ను నవ్వులపాలు చేస్తుందని నీ భయం. "పిల్లింగ్, మీ చెల్లి కవయిత్రి అటగా" అంటారని. అంటే అననీ. నాన్న నన్ను ఇక్కడికి పంపినప్పుడు షెడ్డులో వాళ్ళు ఆయన్ని అంతకంటే ఎక్కువ అన్నారు.

అరుపు విన్నావని రాశావు. నువ్వు భయపడ్డావు, నాకు మాత్రం సంతోషమైంది. ఆయన ఉన్న చోటు నుంచే అరిచాడు. డిసెంబరు చివరి ఆటల్లో మన మీద ఐదు గోల్స్ పడ్డాయని పేపర్లో చూశాను. నువ్వు ఆయన్ని తొక్కకూడదని ఆ చోటు తప్పించుకుని నిలబడుతున్నావు కదూ? తొక్కు అన్నయ్యా. ఆయన తన జీవితంలో అందరి కాళ్ళూ తొక్కాడు, ఏమీ అనుకోడు.

నాన్న చనిపోవడానికి పది రోజుల ముందు నాకు రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గరుంది. అందులో నీ గురించి ఉంది. వాడికి చూపించకు అని కింద గీత గీశాడు. ఎప్పుడైనా అడగాలనుకున్నాను, ఆస్పత్రిలో ఆ చివరి సాయంత్రం నేను టీ తేవడానికి వెళ్ళినప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? నేను తిరిగొచ్చేసరికి నువ్వు కిటికీ దగ్గర, ఆయన గోడ వైపు.

నీ మొండి చెల్లెలు
మావిస్

*

హెబ్‌షా,
17 మార్చి 1963, ఆదివారం.

మావిస్,

ఇది చదివాక నాతో మాట్లాడకపోతే నిన్ను తప్పుపట్టను.

నిన్న ఆట ఆడాం. పుస్తకంలో నువ్వు రాసింది పడింది. రెండు గంటలకే అన్నీ అమ్ముడైపోయాయి. మేం స్టాండు కింది సొరంగం దాటి మైదానంలోకి రాగానే కాలువ వైపు మెట్ల మీద టోపీలన్నీ తీసేశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. గోలు ముందు గడ్డి వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కూడా ఆ గడ్డినే చూశాను. ఆ గడ్డి కింద ఏమీ లేదు మావిస్.

నేను నీకు రాసిందంతా అబద్ధం. పార, జల్లు, నల్ల మట్టి, అన్నీ.

డబ్బా తెచ్చుకున్నాను. గురువారం దాన్ని మైదానానికి పట్టుకెళ్ళాను, అది నిజం. గోలు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. ఇంటికి తీసుకెళ్తే ఐరీన్ అడుగుతుందని, స్టాండు కింద, సొరంగం పక్కనున్న బాయిలర్ గదిలో, గడ్డి విత్తనాల డబ్బాల పక్కన అరలో పెట్టాను. కుర్రాళ్ళు చూస్తారని పేరు రాసిన కాగితం గోకేశాను. వచ్చే వారం చేద్దాం, ఆపై వారం చేద్దాం అనుకున్నాను. అంతలో మంచు.

నువ్వడిగావుగా ఏం మాట్లాడుకున్నామని. ఆయన ముందు గోలు సంగతి చెప్పాడు. నువ్వు టీకి వెళ్ళాక నా మణికట్టు పట్టుకుని, "గజం వెనకబడ్డావురా. ఎప్పట్నుంచో చూస్తున్నాను. ఈ ఏడాదితో మానెయ్" అన్నాడు. ఇంకొక్క సీజను ఆడగలనన్నాను. "ఆడలేవు" అని గోడ వైపు తిరిగాడు. ఇదే చివరి మాట. వచ్చే సీజనుకి ఎవర్ని ఉంచుకుంటారో మేలో జాబితా వేస్తారు, అందులో నా పేరు కోసం నేను ప్రతి ఉదయం తుంటి పట్టేసినా నవ్వుతూ పరిగెడుతున్నాను. అలాంటిది నేను కాపలా కాసే గోలు ముందు ఆయన్ని పడుకోబెట్టి, ప్రతి శనివారం ఆ గజం కొలిపించుకోనా? నావల్ల కాలేదు.

నిన్న రెండో సగం. మేం రైలు వైపు గోలుకి మారాం. ఒకటి ఒకటి. ఎడమ నుంచి బంతి గాల్లో వస్తోంది, నేను దాని కిందికి వెళ్తున్నాను. అప్పుడు అరుపు. "వెనకాలే ఉన్నాడు, సిరిల్." గోలు వెనక నుంచి కాదు. మైదానం పక్క గీత మధ్యలో, సొరంగం నోటి దగ్గర్నుంచి. నిజం చెప్తే డిసెంబరులో విన్నది కూడా అటు నుంచే, నీకు రాయలేదు. నేను వెనక్కి తిరగలేదు. సొరంగం వైపు తల తిప్పాను. ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి వాళ్ళ తొమ్మిదో నంబరు నా వెనక నుంచి వచ్చి తలతో గోల్లోకి కొట్టేశాడు. ఇందాక టోపీలు తీసినవాళ్ళే నన్ను తిట్టారు. "పడుకో పిల్లింగ్, మీ నాన్న పక్కన చోటుంది" అన్నాడొకడు.

అందరూ వెళ్ళాక ఏమోస్ బాబాయ్ బాయిలర్ గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునున్నాడు.

"ఇందులో నేను తవ్వానని రాసుంది" అన్నాడు. "ముసలాణ్ణి కదా, మర్చిపోయుంటాను. ఎప్పుడు తవ్వానో చెప్పు."

"నువ్వు తవ్వలేదు బాబాయ్."

"మరి మీ నాన్న, మా జోస్ ఎక్కడ?"

అరలోంచి డబ్బా తీశాను. చేతికి ఏమీ లేనట్టు వచ్చింది. బాబాయ్ దాన్నీ నన్నూ చూసి, బోర్లించిన బకెట్ మీద మెల్లగా కూర్చున్నాడు. ఫిబ్రవరిలో సొరంగం వాలు మీద మంచుకి గోల్‌కీపర్ జారి పడ్డాడట. ఆ పూట బాయిలర్ బూడిద అయిపోయిందట. పేరు లేని డబ్బాలో బూడిద కనిపించిందట.

"జోస్‌ని నేనే చల్లానా?" అన్నాడు.

అంటే ఆ వాలు మీద నుంచి ఎక్కిన ప్రతిసారీ బూట్లతో నేను ఆయన మీదే నడిచాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే చెప్తున్నాను. వచ్చే శనివారం నా బదులు డెన్నిస్ అనే కొత్తవాడు ఆడతాడు. మేనేజరు తుంటి అన్నాడు. నేను సరే అన్నాను.

సిరిల్

*

ఎక్సెటర్,
31 మార్చి 1963.

సిరిల్,

రెండు వారాలు కలం ముట్టుకోలేదు. నా రెండు పేజీలు చింపేశాను. మిస్ పెన్‌హాలోకి నిజం చెప్పాను. ఆవిడ, "అయినా అది బాగుంది కదా" అంది. అది మరీ బాధనిపించింది. లేని చోట నిలబడి, లేనిదాని గురించి అందమైన మాటలు పేర్చాను. నీ అబద్ధం, నా అలంకారం. ఇద్దరం కలిసి నాన్నని ఎక్కడా లేకుండా చేశాం.

నిన్ను తిట్టాలని కూర్చుని నాన్న ఉత్తరం తీశాను. చూపించొద్దన్నాడు, కానీ ఇప్పుడు నీకు చూపించకపోవడమే తప్పనిపిస్తోంది. నీ గురించి ఉన్న చోటు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అక్టోబరు 20 తేదీ ఉంది.

'సిరిల్‌కి రెండేళ్ళుగా ఒక గజం తగ్గింది. పరుగు తగ్గలేదు, వెనక ఏం జరుగుతోందో పసిగట్టడం తగ్గింది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ గజం నేను అరిచి పూడుస్తున్నాను. మొదట్లో సరదాకి నడిచేవాణ్ణి, ఈ రెండేళ్ళుగా రెండు గోలుల వెనక్కీ నడిచేది అందుకే. జనం నాకు పిచ్చి అనుకుంటారు. వాడు ఆ అరుపుని వినడు, వినకుండానే తిరుగుతాడు, అలవాటు. డాక్టరు చెప్పినదాన్ని బట్టి నేను వసంతం దాకా ఉండను. నేను పోయాక వాడికి వెనక ఎవరున్నారో ఎవరు చెప్తారు? అందుకని మానెయ్యమని చెప్పబోతున్నాను. తిట్టాననుకుంటాడు. అనుకోనీ, నిజం చెప్తే ఇంకా సిగ్గుపడతాడు. వాడికి చూపించకు.'

ఇది నా దగ్గర ఇన్నాళ్ళూ ఉంది అన్నయ్యా. నేను దీన్ని ముసలాడి గొప్పలు అనుకున్నాను. నీకు జనవరిలోనే పంపి ఉంటే.

ఏమోస్ బాబాయ్‌ని ఏమీ అనకు. ఆయన భోంచేస్తున్నాడా?

మావిస్

*

హెబ్‌షా,
19 మే 1963.

చెల్లీ,

ఆలస్యంగా రాస్తున్నాను. నీ ఉత్తరం ఏప్రిలంతా కోటు లోపలి జేబులో పెట్టుకు తిరిగాను. ఐరీన్‌కి అంతా చెప్పాను. తను చాలాసేపు నా తుంటికి నూనె రాసి, "ముందే చెప్తే నేనే వేసొచ్చేదాన్ని, నాకేం, నన్నెప్పుడూ ఆయన కొలవలేదు" అంది.

ఏప్రిల్ చివర మేనేజరు గదికి వెళ్ళి, ఈ సీజనుతో చాలని చెప్పాను. ఆయన సొరుగులోంచి కాగితం తీసి చూపించాడు. టైపు చేసిన జాబితా. అందులో నా పేరు ఉంది. ఇంకొక్క ఏడాది ఉంచుకుంటారట, డెన్నిస్‌కి నేర్పడానికి. ఆ కాగితం ముందు చూసుంటే నేను ఆ గదిలో ఏం మాట్లాడేవాణ్ణో తెలియదు. కానీ మాట అనేశాను, ఆయన పెన్సిల్‌తో నా పేరు కొట్టేశాడు. ఐదు అంగుళాల గీత. జూన్ నుంచి ఏమోస్ బాబాయ్‌తో మైదానం పని. ఆయన నడుం వంగడం లేదు.

బాబాయ్ భోంచేస్తున్నాడు. మొదట్లో ఆ వాలు మీద ఎవర్నీ నడవనివ్వలేదు, కుర్రాళ్ళ మీద చీపురెత్తాడు. తర్వాత ఒకరోజు నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి బూటు అడుగున బుడిపెల మధ్య ఇరుక్కున్న మట్టి చూపించాడు. "సొరంగంలో తొక్కింది ఎక్కడ రాలుతుందనుకున్నావు?" అన్నాడు. "పదకొండు మంది. ఈ గోలు దగ్గర కొంత, ఆ గోలు దగ్గర కొంత. ఇంక జోస్ సగం ఆటలో నడవక్కర్లేదు." ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

నిన్న చివరి ఆట. మంచు వల్ల మే దాకా సాగింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి టికెట్ కొనుక్కుని మెట్లెక్కాను, రైలు వైపు. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. ఈల ఊదారు, సగం ఆట. జనం అటు కదిలారు. నేను కొంచెంసేపు వాళ్ళతో కదిలాను. తర్వాత చూసుకుంటే నా భుజాలకి అందరి భుజాలూ తగులుతున్నాయి. నేను ఎదురు నడుస్తున్నాను. "దారి తప్పావా సిరిల్?" అన్నారెవరో. వెళ్ళి డెన్నిస్ గోలు వెనక కంచె పట్టుకుని నిలబడ్డాను.

డెన్నిస్ బాగా ఆడతాడు, కానీ ముందుకే చూస్తాడు. చివరి పది నిమిషాల్లో బంతి ఎడమ నుంచి ఎత్తుగా వచ్చింది. వాడు దాని కిందికి వెళ్ళాడు. వాడి వెనక నుంచి ఎర్రచొక్కావాడు వస్తున్నాడు. నేను అరవాలని అనుకోలేదు మావిస్. "వెనకాలే ఉన్నాడు" అని వచ్చేసింది. నా పక్కనున్నవాళ్ళు రెండడుగులు జరిగారు. ఆ అరుపులో మగ్గాల షెడ్డు ఉంది. నేను జన్మలో మగ్గం దగ్గర నిలబడలేదు.

డెన్నిస్ తిరిగాడు. బంతిని మైదానం బయటికి తన్నేశాడు. ఆ తర్వాత చెప్పినదెవరా అని తలెత్తి చూశాడు.

నేను వాడికి పది గజాల దూరంలో, చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. వాడు నా వైపు చూడలేదు. సొరంగం వైపు చూశాడు.

నీ అన్నయ్య
సిరిల్